రాజ్యాంగం రాసిన చేత్తోనే ప్రోనోట్లు: జేమ్స్ విల్సన్ సంగతి

గోదారి_లాయర్ (రాజమండ్రి)

దివాలా కేసొకటి చూస్తూ పాత అమెరికన్ చట్టాలు తిరగేస్తుంటే ఒకాయన తగిలాడు. అప్పటినుంచీ వదల్లేకపోతున్నాను. ఇక్కడ అమెరికా చరిత్ర తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారని త్రెడ్ పెడుతున్నా.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా రెండిటి మీదా సంతకం చేసినవాళ్లు ఆరుగురే: బెంజమిన్ ఫ్రాంక్లిన్, రాబర్ట్ మోరిస్, జార్జ్ క్లైమర్, రోజర్ షెర్మన్, జార్జ్ రీడ్, జేమ్స్ విల్సన్. ఫ్రాంక్లిన్ సరే, మన స్కూలు పుస్తకాల్లో గాలిపటంతో సహా ఉంటాడు. నాకు పట్టుకున్నది విల్సన్.

1742లో స్కాట్లాండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో రైతు ఇంట్లో పుట్టాడు. చర్చి ఫాదరీని చేద్దామని తండ్రి సెయింట్ ఆండ్రూస్‌లో చదివించాడు. ఆ తండ్రి పోయాక దారి మార్చుకుని 1765లో అమెరికా చేరాడు. ఫిలడెల్ఫియా కాలేజీలో లాటిన్ పాఠాలు చెప్తూ, అప్పటికే పేరున్న వకీలు జాన్ డికిన్సన్ దగ్గర లా నేర్చుకున్నాడు. ముందు రెడింగ్‌లో, తర్వాత కార్లైల్‌లో బోర్డు పెట్టాడు. కార్లైల్ అప్పట్లో సరిహద్దు ఊరు. స్కాట్-ఐరిష్ వలసదారులు, అడవి కొట్టి చేసిన పొలాలు, హద్దుల తగాదాలు. ఈయన బల్ల మీదికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం భూమివే. తర్వాత కథంతటికీ విత్తనం అక్కడే పడిందని నా అనుమానం.

అక్కణ్ణుంచి కాంగ్రెస్, రాజ్యాంగ సభ, 1789లో వాషింగ్టన్ వేసిన మొట్టమొదటి సుప్రీంకోర్టులో జడ్జి పదవి. ఆ పదవిలో ఉండగానే అప్పులవాళ్లు రెండుసార్లు జైల్లో వేయించారు. 1798లో నార్త్ కరోలినాలో ఓ చిన్న ఊళ్లో, కోర్టు పక్కనున్న లాడ్జీలో చనిపోయాడు. అప్పటికీ సుప్రీంకోర్టు జడ్జే. రాజీనామా చేయలేదు, ఎవరూ తీసేయనూ లేదు.

ఇంత మనిషి పేరు అమెరికాలోనే ఎందుకు వినపడదు? అప్పుల వల్లేనా, ఇంకేమైనా ఉందా?

---

ఫిల్లీ_శ్రీను

లాయర్ గారూ, మంచి త్రెడ్. మేము ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా లిబర్టీ బెల్ చూపించి, ఫిఫ్త్ స్ట్రీట్‌లో ఫ్రాంక్లిన్ సమాధి దగ్గరికి తీసుకెళ్తాం. జనం ఆ రాతి మీద చిల్లర నాణేలు వేస్తుంటారు, మా అమ్మ కూడా వేసి దణ్ణం పెట్టింది. అక్కడికి కొద్ది దూరంలోనే, సెకండ్ స్ట్రీట్‌లో క్రైస్ట్ చర్చి ఆవరణలో విల్సన్ సమాధి ఉంది. దాని దగ్గర ఎవరూ ఆగగా నేను చూడలేదు.

1798లో పోయిన మనిషి ఆ చర్చికి వచ్చింది 1906లో. అన్నేళ్లూ నార్త్ కరోలినాలోనే ఉన్నాడు. ఆ ఏడాది అస్థికలు తెచ్చి, ఇండిపెండెన్స్ హాల్లో ఉంచి, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. నూట ఎనిమిదేళ్లు ఆలస్యంగా!

ఇంకో తమాషా. అదే చర్చిలో రాబర్ట్ మోరిస్ కూడా ఉన్నాడు. యుద్ధానికి డబ్బు సమకూర్చిన ఆ మోరిసే. ఆయనా భూముల మీద పెట్టి మునిగి 1798 నుంచి 1801 దాకా ఫిలడెల్ఫియాలో అప్పులవాళ్ల జైల్లో ఉన్నాడు. రెండు పత్రాల మీదా సంతకం చేసిన ఆరుగురిలో ఇద్దరు దివాలా, ఇద్దరూ ఒకే చర్చిలో.

---

చరిత్ర_మాస్టారు (గుంటూరు, రిటైర్డ్)

అప్పుల సంగతి తర్వాత. ముందు 1779 అక్టోబర్ 4 చెప్పుకోవాలి. విల్సన్ని అర్థం చేసుకోవాలంటే ఆ రోజు తెలియాలి.

యుద్ధం మధ్యలో ఉంది. కాంటినెంటల్ కరెన్సీ నోట్లకు విలువ పోయింది. పిండి, ఉప్పు ధరలు మండిపోతున్నాయి. ధరలు కట్టడి చేయాలని కమిటీలు వేశారు. వ్యాపారులు, వాళ్ల తరఫు వకీళ్లు వద్దన్నారు, విల్సన్ అందులో ముందున్నాడు. ఇంకో మంట కూడా ఉంది. అంతకు ముందు ఏడాది బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా ఖాళీ చేసి వెళ్లాక, వాళ్లకి సాయం చేశారని కొందరి మీద దేశద్రోహం కేసులు పెట్టారు. వాళ్ల తరఫున వాదించింది విల్సన్. చాలామంది బయటపడ్డారు. అబ్రహం కార్లైల్, జాన్ రాబర్ట్స్ అనే ఇద్దరు క్వేకర్లను (అదొక క్రైస్తవ శాఖ) మాత్రం 1778 నవంబర్‌లో ఉరితీశారు.

మిలీషియాలో ఉన్నది పేదవాళ్లు. డబ్బున్నవాడు జరిమానా కట్టి యుద్ధానికి పోకుండా ఇంట్లో కూర్చోవచ్చు. వీళ్లు ప్రాణాలకు తెగించి తిరిగొస్తే ఇంట్లో రొట్టె లేదు. అలాంటివాళ్లు తుపాకులు పట్టుకుని బయల్దేరి థర్డ్, వాల్‌నట్ వీధుల మూలమీదున్న విల్సన్ ఇంటి ముందుకు వచ్చారు. లోపల విల్సన్, ఆయన స్నేహితులు ఆయుధాలతో ఉన్నారు. కాల్పులు జరిగాయి. కిటికీ దగ్గర నిలబడ్డ కెప్టెన్ క్యాంప్‌బెల్ చనిపోయాడు, బయటా కొందరు పోయారు. తలుపు పగలగొట్టేసరికి రాష్ట్ర అధ్యక్షుడు జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి చెదరగొట్టాడు. ఆ ఇంటికి 'ఫోర్ట్ విల్సన్' అని పేరు పడిపోయింది. విల్సన్ కొన్నాళ్లు ఊరు విడిచి ఉండాల్సి వచ్చింది.

సరే, ఇది జరిగిన ఎనిమిదేళ్లకు రాజ్యాంగ సభలో ఆయన ఏం వాదించాడు? జనమే నేరుగా దిగువ సభని ఎన్నుకోవాలి. సెనేట్‌ని జనమే ఎన్నుకోవాలి. అధ్యక్షుణ్ణి కూడా జనమే ఎన్నుకోవాలి. ఇంటిమీదికి తుపాకులతో వచ్చిన జనమే! అక్కడున్న పెద్దమనుషుల్లో చాలామందికి ఆ మాట వింటేనే ఒళ్లు జలదరించింది.

---

గ్రూప్స్_ప్రిపరేషన్

మాస్టారూ నమస్తే. మరి ఎలక్టోరల్ కాలేజీ (జనం బదులు ఎలక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి) విల్సన్ ఐడియా అని ఒక కోచింగ్ నోట్స్‌లో ఉంది. నేరుగా ఎన్నిక అడిగినవాడు అదెలా పెట్టాడు? కన్‌ఫ్యూజన్‌గా ఉంది.

---

చరిత్ర_మాస్టారు

రెండూ నిజమే నాయనా, తేదీలు పట్టుకుంటే తేలిపోతుంది. 1787 జూన్ 1న, కార్యనిర్వాహక అధికారం ఒకే వ్యక్తి చేతిలో ఉండాలని విల్సన్ ప్రతిపాదించాడు. సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాబోయే మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ సభలోనే కూర్చుని ఉన్నాడు కదా, ఎవరు నోరు తెరుస్తారు! ఫ్రాంక్లిన్ కల్పించుకుని అభిప్రాయాలు చెప్పండి అన్నాక మొదలైంది. ఎడ్మండ్ రాండాల్ఫ్ ఇది రాచరికానికి పిండం అన్నాడు, ముగ్గురు ఉండాలన్నాడు. చివరికి విల్సన్ మాటే నెగ్గింది.

అదే రోజు, కనీసం సిద్ధాంతంగానైనా తాను ప్రజల నేరు ఎన్నికనే కోరతానన్నాడు. దానికి మద్దతు రాలేదు. మర్నాడు మధ్యేమార్గం తెచ్చాడు: జిల్లాలుగా విడగొట్టి జనం ఎలక్టర్లను ఎన్నుకోవాలి, వాళ్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. అదీ ఓడిపోయింది. వేసవంతా ఇటూ అటూ తిరిగి సెప్టెంబర్‌లో ఇంకో రూపంలో ఎలక్టర్లు మళ్లీ వచ్చారు. అప్పటికి వాళ్లని ఎలా నియమించాలో రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేశారు. కాబట్టి పరీక్షలో 'విల్సన్ తొలిసారి ప్రతిపాదించాడు' అని రాయి, తప్పులేదు. ఇప్పుడున్న పద్ధతి మొత్తం ఆయన నెత్తిన వేయకు.

సెనేటర్ల నేరు ఎన్నిక 1913లో 17వ సవరణతో గానీ రాలేదు.

---

వరంగల్_పిల్ల

లా ఫైనల్ ఇయర్ చదువుతున్నా. అందరూ ఆయన్ని ప్రజల మనిషి చేసేస్తున్నారు కాబట్టి ఒకటి అడుగుతా. 1787 జూన్ 11న 'ఐదింట మూడు' లెక్క సభలో పెట్టింది ఎవరు? బానిసల్లో ఐదుగురిని ముగ్గురిగా లెక్కగట్టి దక్షిణాది రాష్ట్రాలకు సీట్లు పెంచిన ఆ లెక్క? విల్సనే కదా. సౌత్ కరోలినా పింక్‌నీ బలపరిచాడు. 'అధికారమంతా ప్రజల దగ్గర పుడుతుంది' అని రోజూ చెప్పే మనిషి, ఆ 'ప్రజలు' అన్న లెక్కలో మనుషుల్ని భిన్నాలుగా వేశాడు. ఇంట్లో కూడా బానిస ఉండేవాడు, తర్వాతెప్పుడో విడుదల చేశాడు. ఎందుకు మర్చిపోయారు అని అడుగుతున్నారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఇది కూడా కదా సార్?

---

గోదారి_లాయర్

అమ్మా, పాయింటు గట్టిది. దాన్ని తగ్గించి మాట్లాడను. ఒకటి మాత్రం కలపాలి. ఆ భిన్నం ఆయన కనిపెట్టింది కాదు, 1783లో పన్నుల వాటా కోసం కాంగ్రెస్‌లో నడిచిన లెక్క. జులై 11న అదే విల్సన్ లేచి, ఈ ఐదింట మూడుకి సూత్రం ఏమిటో తనకు కనిపించడం లేదన్నాడు. వాళ్లు పౌరులైతే మిగతావాళ్లతో సమానంగా ఎందుకు లెక్కించరు? ఆస్తి అయితే మిగతా ఆస్తులు ఎందుకు లెక్కలోకి రావు? అని అడిగి, రాజీ అవసరం కాబట్టి ఒప్పుకోవాలి అన్నాడు.

---

వరంగల్_పిల్ల

సార్, అది ఇంకా ఘోరం కదా. తెలియక చేసినవాడైతే ఒక మాట. తర్కం నిలబడదని తనే విడమరిచి చెప్పి, ఓటు మాత్రం అటే వేశాడు.

---

చరిత్ర_మాస్టారు

అమ్మాయి చెప్పింది సరైనది. ఆ వేసవిలో విల్సన్ ఒక లెక్క వేసుకున్నాడు: పెద్ద రాష్ట్రాలు, దక్షిణాది కలిస్తే జనాభా ప్రకారం సీట్లు అనే మూలసూత్రం నెగ్గుతుంది, చిన్న రాష్ట్రాల సమాన ఓటు వాదన ఓడుతుంది. సగమే నెగ్గింది. సెనేట్‌లో సమాన ఓటు వచ్చేసింది. ఐదింట మూడు మాత్రం అంతర్యుద్ధం దాకా ఉండిపోయింది. పోగొట్టుకున్నది ఒకటి, అంటించిపోయింది ఇంకొకటి.

---

ఫిల్లీ_శ్రీను

డిటైల్ కమిటీ గురించి ఎవరూ చెప్పలేదే. జులై చివర్లో సభ సెలవు తీసుకుని ఐదుగురికి ముసాయిదా రాసే పని అప్పగించింది. రట్లెడ్జ్, రాండాల్ఫ్, ఎల్స్‌వర్త్, గోరమ్, విల్సన్. వాషింగ్టన్ ఆ వ్యవధిలో చేపలు పట్టడానికి వెళ్లాడు! ఆగస్టు 6న ముసాయిదా వచ్చింది. దాని చిత్తుప్రతులు విల్సన్ చేతిరాతలో ఫిలడెల్ఫియాలో హిస్టారికల్ సొసైటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో ఉన్నాయి. 'మేము, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్...' అని రాష్ట్రాల పేర్లన్నీ వరసగా చెప్పి 'ప్రజలము' అని మొదలవుతుంది. తర్వాత గవర్నర్ మోరిస్ (గవర్నర్ అనేది ఆయన పేరే, పదవి కాదు) రాష్ట్రాల జాబితా కొట్టేసి ఇప్పుడున్న వాక్యం చేశాడు.

సెప్టెంబర్ 17న సంతకాల రోజు, ఫ్రాంక్లిన్‌కి ఎనభై ఒకటేళ్లు, నిలబడి చదవలేని స్థితి. ఆయన రాసిన ప్రసంగం లేచి చదివింది విల్సనే. ఆ మాటలు ఇప్పటికీ అందరూ కోట్ చేస్తారు, వినిపించిన గొంతు ఎవరిదో ఎవరికీ పట్టదు.

---

గోదారి_లాయర్

మన దగ్గర కూడా అంతే శ్రీను గారూ. మన డ్రాఫ్టింగ్ కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఉన్నారని, ఆయన నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టారని మా బార్‌లోనే సగం మందికి తెలియదు.

దేశద్రోహం కేసుల గురించి మాస్టారు చెప్పారు కదా, దానికి కొనసాగింపు ఉంది. రాజ్యాంగంలో దేశద్రోహానికి నిర్వచనం చాలా ఇరుకుగా ఉంటుంది. యుద్ధం చేయాలి లేదా శత్రువుకు అండగా నిలబడాలి. అదీ ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులు ఉండాలి, లేదా కోర్టులో ఒప్పుకోవాలి. ఇద్దరు క్లయింట్లు ఉరికంబం ఎక్కడం చూసిన వకీలు ముసాయిదా కమిటీలో కూర్చున్నాడని గుర్తుపెట్టుకుని ఆ క్లాజు చదవండి. డిఫెన్స్ లాయర్ రాసిన వాసన వస్తుంది.

---

ప్లాట్లు_రవి (హైదరాబాద్)

అన్నా, రాజ్యాంగం మీరు చూసుకోండి. నాకు భూముల సంగతి కావాలి. ఎట్ల మునిగిండు? మా ఫీల్డ్‌లో రోజూ చూస్తున్నం, కానీ సుప్రీంకోర్టు జడ్జి మునగడం కొత్తగుంది.

---

గోదారి_లాయర్

రవి గారూ, మీకు ఇట్టే అర్థమవుతుంది. ప్రభుత్వం దగ్గర లక్షల ఎకరాల ఖాళీ భూమి ఉంది (ఖాళీ అంటే, అక్కడి ఆదివాసులను లెక్కలోంచి తీసేసి). సర్వే కూడా కాని భూమికి చౌకగా వారంటు కాగితాలు ఇస్తుంది. కొంత కట్టి కాగితం తీసుకో, మిగతాదానికి ప్రోనోటు రాయి. యూరప్ నుంచి వలసదారులు వస్తారు, ఎక్కువ ధరకు అమ్మి నోటు తీర్చు. వాళ్లు వచ్చేలోపు ఆ కాగితమే తాకట్టు పెట్టి ఇంకో కాగితం కొను.

విల్సన్ ఇది అన్నిచోట్లా చేశాడు. ఇల్లినాయిస్-వాబాష్ కంపెనీకి అధ్యక్షుడు. ఆదివాసుల దగ్గర నేరుగా కొన్నామని చెప్పుకునే కంపెనీ అది. జార్జియాలో లంచాలతో శాసనసభను కొనేసిన 1795 నాటి యాజూ భూముల కుంభకోణంలో కూడా వాటా ఉంది, సిట్టింగ్ జడ్జిగా ఉండి! పెన్సిల్వేనియాలో వేల ఎకరాలు, డచ్చివాళ్ల డబ్బు, మిల్లులు.

1793లో యూరప్‌లో యుద్ధం పెద్దదయింది, అక్కణ్ణుంచి పెట్టుబడి ఆగింది. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది. ఆ దెబ్బ అట్లాంటిక్ దాటి ఫిలడెల్ఫియాలో పడింది. కాగితం మీద కాగితం పేర్చినవాళ్లందరూ ఒకేసారి కూలారు. మోరిస్ కూలాడు, విల్సన్ కూలాడు.

---

ప్లాట్లు_రవి

అంటే ప్రీ-లాంచ్‌లో బుక్ చేసి, దాని మీద ఇంకో ప్రీ-లాంచ్ బుక్ చేసినట్టే. సమజైంది. మరి ఐపీ పెట్టి బయటపడొచ్చు కదా?

---

గోదారి_లాయర్

అక్కడే నేను ఈ మనిషిని పట్టుకున్నది. అప్పటికి దేశం మొత్తానికి దివాలా చట్టమే లేదు. చట్టం చేసే అధికారం రాజ్యాంగంలో ఉంది. ఆ రాజ్యాంగం ముసాయిదా రాసినవాళ్లలో ఈయన ఉన్నాడు. కాంగ్రెస్ మాత్రం 1800 ఏప్రిల్ దాకా ఆ చట్టం చేయలేదు. రాబర్ట్ మోరిస్ జైల్లో ఉన్నాడు కాబట్టి ఆ చట్టం కింద 1801లో బయటికొచ్చాడు. విల్సన్ 1798లోనే పోయాడు.

మన దగ్గర కూడా బాకీ తీర్చనివాణ్ణి సివిల్ జైలుకు పంపే సెక్షన్ సీపీసీలో (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఉంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు, కట్టే స్తోమత ఉండి ఎగ్గొట్టే దుర్బుద్ధి ఉంటే తప్ప ఉత్త పేదరికానికి జైలు కుదరదన్నారు. విల్సన్ లాంటివాడు ఏ కోవలోకి వస్తాడో మా జూనియర్లతో వాదించి చూశాను, తేలలేదు.

---

కరోలినా_లక్ష్మి

నేను నార్త్ కరోలినాలోని ర్యాలీ నగరంలో ఉంటాను. విల్సన్ చనిపోయిన ఎడెంటన్‌కి ఇక్కణ్ణుంచి కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అల్బెమార్ల్ సౌండ్ ఒడ్డున చాలా అందమైన ఊరు, పాత కోర్టు భవనం ఇప్పటికీ ఉంది. అక్కడికి విల్సన్ ఎందుకు వెళ్లాడన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి.

1797లో ముందు న్యూజెర్సీ బర్లింగ్టన్‌లో జైల్లో పెట్టారు. కొడుకు బర్డ్ డబ్బు పోగుచేసి విడిపించాడు. అప్పులవాళ్లకు దొరక్కుండా దక్షిణానికి వచ్చాడు. సర్క్యూట్ పని కూడా ఉంది, అప్పట్లో సుప్రీంకోర్టు జడ్జీలు గుర్రాల మీద రాష్ట్రాలు తిరిగి కోర్టులు నడపాలి కదా. ఎడెంటన్‌లో మళ్లీ పట్టించింది పియర్స్ బట్లర్. సౌత్ కరోలినా తరఫున అదే రాజ్యాంగం మీద సంతకం పెట్టిన బట్లర్! బాకీ 1,97,000 డాలర్లు. ఒకే కాగితం కింద సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు రెండోవాళ్లని జైల్లో వేయించారు. తనను అడవి మృగాన్ని వేటాడినట్టు వేటాడుతున్నారని విల్సన్ ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇక ఐర్‌డెల్. ఎడెంటన్ జేమ్స్ ఐర్‌డెల్ ఊరు, ఆయనా సుప్రీంకోర్టు జడ్జే. 1793లో చిషోమ్ వర్సెస్ జార్జియా కేసు వచ్చింది. యుద్ధ సమయంలో జార్జియాకు సరుకు అమ్మి డబ్బు రాని వ్యాపారి ఎస్టేటు తరఫు కేసు. ఒక రాష్ట్రం మీద వేరే రాష్ట్రం పౌరుడు ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చా? విల్సన్ వేయొచ్చన్నాడు. సార్వభౌమాధికారం రాష్ట్రానిది కాదు, ప్రజలది. నిజాయితీగల మనిషి తన మాటకు కట్టుబడినట్టే రాష్ట్రమూ కట్టుబడాలి అన్నాడు. నలుగురు అటు, ఐర్‌డెల్ ఒక్కడే ఇటు. జనం ఐర్‌డెల్ పక్షం వహించారు, 11వ సవరణ తెచ్చి 1795కల్లా విల్సన్ తీర్పును కొట్టేశారు.

అలా తనను ఓడించిన ఐర్‌డెల్ ఊళ్లోనే ఈయన తలదాచుకున్నాడు. ఐర్‌డెల్ కుటుంబమే చూసుకుంది. రెండో భార్య హన్నా వచ్చి చేరింది. ఆమెను పెళ్లాడినప్పుడు ఈయనకు యాభై దాటాయి, ఆమెకు ఇరవై కూడా లేవు. మలేరియా జ్వరం, తర్వాత పక్షవాతం. 1798 ఆగస్టు 21న పోయాడు. ఐర్‌డెల్ బావమరిది శామ్యూల్ జాన్‌స్టన్ ఎస్టేటు హేస్‌లో పూడ్చారు. హన్నాని తలుచుకుంటే జాలేస్తుంది. పెళ్లయిన అయిదేళ్లకే ఇదంతా పడింది ఆ పిల్ల.

---

వరంగల్_పిల్ల

లక్ష్మి అక్కా, 'నిజాయితీగల మనిషి మాటకు కట్టుబడినట్టు' అన్న తీర్పు రాసినవాడు నాలుగేళ్లకు అప్పులెగ్గొట్టి ఊళ్లు మారడం చదువుతుంటే నవ్వొస్తోంది, బాధగానూ ఉంది.

---

ఫిల్లీ_శ్రీను

ఎగ్గొట్టాడు అనకండి, కట్టలేకపోయాడు.

ఇంకో సంగతి. న్యూజెర్సీ తెలుగువాళ్లు వేసవిలో పోకొనోస్ వెళ్లినప్పుడు బోటింగ్ చేసే వాలెన్‌పాపాక్ సరస్సు ఉంది కదా, దాని కట్ట దగ్గర విల్సన్‌విల్ అనే ఊరు ఉండేది. ఈయన పేరే, ఈయన భూముల్లోదే. 1926లో కరెంటు కోసం డ్యామ్ కట్టి నింపినప్పుడు పాత ఊరు నీళ్లలోకి పోయింది. ఈసారి వెళ్తే చూడండి, చూడ్డానికి నీళ్లే ఉంటాయనుకోండి.

---

చరిత్ర_మాస్టారు

రెండు రోజులుగా చదువుతున్నాను. లాయర్ గారి ప్రశ్నకు నాకు తోచింది చెప్తాను. మీరంతా రాజ్యాంగ విల్సన్, అప్పుల విల్సన్ అని ఇద్దరు మనుషుల్ని చేసి మాట్లాడుతున్నారు. నాకు ఒక్కడే కనిపిస్తున్నాడు.

1787 జూన్ 25న ఆయన చెప్పింది, సభలో ప్రతినిధిగా ఉన్న మాడిసన్ రాసుకున్న నోట్సులో ఉంది. ఈ దేశం విస్తీర్ణం ఎంత, దీన్ని నింపబోయే జనాభా ఎంత, మనం చేస్తున్న ప్రభుత్వ ప్రభావం ముందు తరాల మీదా, మొత్తం భూగోళం మీదా ఎంత ఉండబోతుంది అని తలుచుకుంటే తనకు ఆ పరిమాణంలో తప్పిపోయినట్టు ఉంటుందన్నాడు. ఇప్పుడు అదే వాక్యాన్ని భూముల వ్యాపారి కళ్లతో చదవండి. జనం వస్తారు, అడవులు నిండుతాయి, ధర పెరుగుతుంది. రెండిటికీ పందెం ఒకటే. రాజ్యాంగం విషయంలో గడువు లేదు, కాబట్టి నెగ్గాడు. ప్రోనోటుకు తేదీ ఉంటుంది, కాబట్టి ఓడాడు. ఆయన కొన్న భూములన్నీ తర్వాతి యాభై ఏళ్లలో నిండాయి. ఓపిక పట్టేంత వడ్డీ కట్టలేకపోయాడు, అంతే.

---

ప్లాట్లు_రవి

మాస్టారూ, ఇది మా ఆఫీసులో ఫ్రేమ్ కట్టి పెట్టుకుంటా.

---

వరంగల్_పిల్ల

మాస్టారూ, బాగా చెప్పారు గానీ నాకు పూర్తిగా మింగుడు పడలేదు. ఆ భూములన్నీ నిండాయి అన్నారు. ఎవరితో ఖాళీ చేయించి నిండాయి? ఇల్లినాయిస్-వాబాష్ కంపెనీ వారసుల క్లెయిమే 1823లో జాన్సన్ వర్సెస్ మెకింటోష్‌గా సుప్రీంకోర్టుకు వచ్చింది. మాకు ప్రాపర్టీ లాలో అది తప్పకుండా చెప్తారు. ఆదివాసులకు భూమి అనుభవించే హక్కే గానీ ప్రభుత్వానికి తప్ప ఎవరికీ అమ్మే హక్కు లేదని అప్పటి చీఫ్ జస్టిస్ మార్షల్ తేల్చాడు. ఈయన ఇంకో పాతికేళ్లు బతికి, ఎంత ఓపిక పట్టినా ఆ కాగితాలు చెల్లేవి కావు. కాబట్టి గడువు ఒక్కటే కాదు, కొన్నదాంట్లో సగం సరుకే లేదు.

---

చరిత్ర_మాస్టారు

ఆ కంపెనీ వరకు ఒప్పుకుంటాను. పెన్సిల్వేనియా భూములు వేరు, అవి రాష్ట్రం వారంట్ల మీద కొన్నవి.

---

గోదారి_లాయర్

ఇంకొకటి మిగిలింది. జనం ఈయన్ని ఇష్టపడకపోవడానికి స్వభావం కూడా కారణం. పెద్ద కళ్లద్దాలు, స్కాటిష్ యాస, ఎదుటివాడికి పాఠం చెప్తున్నట్టు మాట. 1787 అక్టోబర్ 6న స్టేట్ హౌస్ ఆవరణలో రాజ్యాంగం తరఫున ఊరందరి ముందు మాట్లాడాడు. హక్కుల బిల్లు అక్కర్లేదు, కేంద్రానికి ఇవ్వని అధికారం కేంద్రానికి లేనట్టే కదా అన్నాడు. తర్కంగా బాగుంది. వినేవాళ్లకు మాత్రం మీ హక్కులు రాసి ఇవ్వం అన్నట్టు వినిపించింది. డిసెంబర్ 12న పెన్సిల్వేనియా 46-23తో ఆమోదించింది. రెండు వారాలకు, తను ప్రాక్టీసు చేసిన కార్లైల్‌లోనే, సంబరాల మంట దగ్గర వ్యతిరేకులు మీదపడి కొట్టారు. ఒక ముసలి సైనికుడు అడ్డుపడి కాపాడాడు. మర్నాడు విల్సన్ దిష్టిబొమ్మ తగలబెట్టారు.

1789లో వాషింగ్టన్‌కు నేరుగా ఉత్తరం రాసి చీఫ్ జస్టిస్ పదవి అడిగాడు. జాన్ జే కి ఇచ్చారు. మళ్లీ ఖాళీ అయినప్పుడు రట్లెడ్జ్‌కి, ఆ తర్వాత ఎల్స్‌వర్త్‌కి వెళ్లింది. ఇద్దరూ డిటైల్ కమిటీలో ఈయన పక్కన కూర్చున్నవాళ్లే.

---

గ్రూప్స్_ప్రిపరేషన్

సార్, ఆయన రాసిన పుస్తకం ఏదైనా ఉందా? చదవడానికి.

---

కరోలినా_లక్ష్మి

లా లెక్చర్లు ఉన్నాయి తమ్ముడూ. 1790 డిసెంబర్ 15న ఫిలడెల్ఫియా కాలేజీలో మొదటి ఉపన్యాసానికి వాషింగ్టన్, ఆడమ్స్, కాంగ్రెస్ వాళ్లు, ఆడవాళ్లు కూడా వచ్చారు. అనుకున్నన్ని పూర్తి చేయలేదు. ఆయన పోయాక 1804లో కొడుకు బర్డ్ అచ్చు వేయించాడు. పాత పుస్తకం కాబట్టి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. 1774లో అచ్చైన చిన్న కరపత్రం ముందు చదువు. బ్రిటిష్ పార్లమెంటుకు కాలనీల మీద ఏ విషయంలోనూ శాసనాధికారం లేదని వాదిస్తుంది. స్వాతంత్ర్య ప్రకటనకు రెండేళ్ల ముందు ఆ మాట అచ్చులో అన్నవాళ్లు ఎంతోమంది లేరు.

1776 జులై 2న పెన్సిల్వేనియా ఓటు 3-2తో అటు తిరగడానికి కూడా ఈయన కారణం. ఫ్రాంక్లిన్, మార్టన్, విల్సన్ ఒక వైపు. విల్లింగ్, హంఫ్రీస్ ఇంకోవైపు. గురువు డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఆ రోజు రాలేదు. అంతకు ముందు ఈయన వాయిదా వేద్దామన్నాడు, తన రాష్ట్రం జనం ఏమంటారో కనుక్కున్నాకే ఓటు వేస్తానని. ఒక బ్రాడ్‌వే మ్యూజికల్ దీన్ని పట్టుకుని ఈయన్ని పిరికివాడిగా, డికిన్సన్ తోకగా చూపించింది. అమెరికన్లలో విల్సన్ పేరు విన్న కొద్దిమందీ అదే విన్నారు.

---

వరంగల్_పిల్ల

ఓటు ముందు జనాన్ని అడిగి వస్తానన్నాడా? ఇది నాకు నచ్చింది. ఐదింట మూడు దగ్గర కూడా ఎవరినైనా అడిగి ఉండాల్సింది.

---

మోడరేటర్

చర్చ బాగుంది. ఎలక్టోరల్ కాలేజీని ఇప్పటి ఎన్నికలకు ముడిపెట్టి వచ్చిన పోస్టులు తీసేశాను, దానికి రాజకీయాల విభాగంలో వేరే త్రెడ్ ఉంది. యాజూ కుంభకోణం మీద లాయర్ గారు విడిగా రాస్తానన్నారు, అది వచ్చాక ఇక్కడ లింకు పెడతాను.